మొదటి కెమెరాకు తగిన లెన్సు

డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా కొనదలచిన విద్యార్థి మొదట అడుగునది మెగాపిక్సెళ్ల సంఖ్య. 24 ఉన్నచో చాలును. తల్లిదండ్రుల ధనము సార్థకమగుట లెన్సును బట్టియే యుండును.

ఈ కెమెరాలో లెన్సు వెనుక ఏటవాలుగా నొక అద్దము కలదు. లెన్సుగుండ వచ్చిన వెలుతురును అది పైకి మరల్చి మన కంటికి చేర్చును. మీట నొక్కినంతనే అద్దము లేచి, వెలుతురు సెన్సారుపై బడును.

కెమెరాతోపాటు సామాన్యముగా 18–55 మి.మీ. లెన్సు నిత్తురు. పగటివేళ అది చాలును. కాని వార్షికోత్సవమున రాత్రి నాటకము తీయబోయినచో పాత్రధారుల ముఖములు చెదరిపోవును. ఏలయన 55 మి.మీ. వద్ద దాని ద్వారము ఎఫ్/5.6కు మించి తెరచుకొనదు. 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు తొమ్మిది రెట్లకు పైగా వెలుతురును రానిచ్చును. మొదటిదానికి 1/20 సెకను పట్టుచోట దీనికి 1/180 సెకను చాలును. దృశ్యమును దగ్గరకు లాగుట మాత్రము దీనితో కుదరదు, మనమే నడచి పోవలెను! అయినను, కెమెరా విషయమున కొంత తగ్గించుకొని యీ లెన్సును కొనుటయే మేలని నా అభిప్రాయము.

2018లో వెలువడిన నికాన్ డి3500 వంటివాటిలో ఫోకసు మోటారు లేదు. కావున ఏఎఫ్-ఎస్ లేక ఏఎఫ్-పి అను గుర్తుగల లెన్సునే తీసికొనవలెను. లేనిచో ప్రతిసారి చేతితో త్రిప్పుకొనవలసివచ్చును.

తయారీదారులు నేడు అద్దములేని కెమెరాలవైపు మొగ్గుటచే, వాడిన డి.ఎస్.ఎల్.ఆర్.లు చౌకగా దొరకుచున్నవి. అట్టివి కొనునపుడు లెన్సులోనికి టార్చిలైటు వేసి చూడుడు. సాలెగూటి పోగులవంటివి కనబడినచో అది బూజు. ఎంత తగ్గించి యిచ్చినను వలదు.