డీజే అంటే సౌండ్ ఒక్కటేనా? పాట మార్చడంలోనే అసలు పని

శ్రీకాకుళం జిల్లా గార మండలం శ్రీకూర్మం వైపు పెళ్లి ఊరేగింపుల్లో డీజే ఇప్పుడు మామూలైపోయింది. బండి మీద ఎన్ని బాక్సులు పెట్టినా, పాటకీ పాటకీ మధ్య గ్యాప్ వస్తే ఆడేవాళ్లు ఆగిపోతారు. డీజే పనితనం తెలిసేది అక్కడే.

పాట వేగాన్ని బీపీఎంలో, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో లెక్కేస్తారు. రెండు పాటల వేగం సమానం చేసి కలపడాన్ని 1960ల చివర్లో న్యూయార్క్ క్లబ్బుల్లో ఫ్రాన్సిస్ గ్రాసో బాగా వాడుకలోకి తెచ్చాడు. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో సింక్ బటన్ నొక్కితే ఆ పని అయిపోతుంది. కానీ ఎక్కడ కలపాలో బటన్ చెప్పదు. డ్యాన్స్ ట్రాక్ చాలావరకు 32 దెబ్బలకోసారి మలుపు తిరుగుతుంది. 128 బీపీఎం అయితే సరిగ్గా 15 సెకన్లు. కొత్త పాటను బేస్ తగ్గించి తెచ్చి, ఆ మలుపులో పాతదాని బేస్ తీసేసి కొత్తదానిది పెంచాలి. రెండు బేస్‌లూ కలిస్తే మోతే తప్ప పాట వినపడదు.

మన దగ్గర అసలు చిక్కు డప్పుతోనే. తీన్‌మార్ దరువులో ఒక్కో దెబ్బ మూడు ముక్కలవుతుంది. హౌస్ ట్రాక్‌లో రెండు, నాలుగు ముక్కలవుతుంది. వేగం కలిసినా నడక కలవదు, కాళ్లు తడబడతాయి. అందుకే వీటిని ఒకదానిపై ఒకటి ఎక్కువసేపు నడపకూడదు. ముందు పాటలో దరువు ఆపి గొంతు ఒక్కటే ఉంచి, మొదటి దెబ్బ మీద టక్కున మారిపోవాలి. గొంతు, డ్రమ్స్ విడదీసే సదుపాయం వర్చువల్ డీజే లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఉంది.

ఇక పాటల ఎంపిక. ‘పలాస 1978’లోని ‘నాది నక్కిలీసు గొలుసు’ లాంటి ఉత్తరాంధ్ర జానపదం పడితే పెద్దవాళ్లూ కదులుతారు. దాన్ని మొదట్లోనే వాడేస్తే తర్వాత చేతిలో ఏమీ మిగలదు. అలాంటప్పుడే చాలామంది డీజేలు వాల్యూమ్ మీద పడతారు. పాట లేని లోటు సౌండ్‌తో తీరదు మరి.

ఆ సౌండే ఇప్పుడు ఉపాధికి ముప్పు తెస్తోంది. 2024 అక్టోబర్ 1న హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. దేశమంతా వర్తించే 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్. కాబట్టి తెలివైన డీజే 10 గంటల నుంచి వెనక్కి లెక్కేసుకుంటాడు: 9.30కి జనం బాగా ఊగే పాటలు, చివరి పది నిమిషాలు వేగం, సౌండ్ రెండూ దించుకుంటూ రావడం.