పేరుపలక

గడప, ద్వారబంధం, తోరణం ఇంటికి శోభను చేకూరుస్తాయి. వాటి సరసన గోడకు అమరిన చిన్న పేరుపలక ఆ ఇంటికి గుర్తింపునిస్తుంది. ఆ ఇంట ఎవరు నివసిస్తున్నారో, ఆ కుటుంబం తన ఇంటిని ఏ పేరుతో పిలుచుకుంటున్నదో వచ్చిన అతిథికి మొదట తెలిపేది అదే. అటువంటి పలకను అంగడిలో కొనవచ్చు. అయితే కొద్దిపాటి కొయ్య, రంగు, ఓర్పు ఉంటే దానిని ఇంటనే తయారుచేసుకోవచ్చు. చేయి తిరిగిన చిత్రకారుడు కానివానికి ఈ పనిలో తోడ్పడే సాధనం స్టెన్సిల్.

పలుచని పలకలో అక్షరం ఆకారాన్ని కోసి తొలగించి, ఆ ఖాళీ గుండా రంగు అద్దే పద్ధతినే స్టెన్సిల్ అంటారు. ఈ పద్ధతి అతి ప్రాచీనమైనది. ఆదిమానవుడు గుహల గోడలకు అరచేతిని ఆనించి, చుట్టూ రంగును ఊది, చేతి ఆకారాన్ని నిలిపాడు. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో ఉన్న అటువంటి చేతిముద్ర ఒకటి కనీసం 39,900 సంవత్సరాల నాటిదని శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించారు. మథుర, బృందావన ప్రాంతాలలో సన్నగా కత్తిరించిన కాగితపు అచ్చులతో రంగుల చిత్రాలను తీర్చే సాంఝీ కళ నేటికీ ఉన్నది. తెలుగువారి వాకిళ్ళలో చిల్లుల అచ్చుతో ముగ్గు వేయడం కూడా ఈ సూత్రంపై ఆధారపడినదే. బస్తాల మీద, సరకుల పెట్టెల మీద కనిపించే గుర్తులూ ఈ కోవకు చెందినవే.

అద్దకపు దిమ్మెకు, స్టెన్సిల్‌కు ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. మచిలీపట్నం, పెడన ప్రాంతాల కలంకారీ అద్దకంలో వాడే కొయ్య దిమ్మెపై ఆకృతిని అద్దంలో ప్రతిబింబం వలె ఎదురుగా చెక్కాలి. అప్పుడే వస్త్రంపై అది సరిగా పడుతుంది. స్టెన్సిల్‌లో అక్షరాన్ని ఉన్నదున్నట్లు కోస్తే చాలు. అందువలన ఇది కొత్తగా నేర్చుకొనేవారికి సులభమైనది.

పలకకు ముందుగా తగిన కొయ్యను ఎంచుకోవాలి. కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి కొయ్య తేలికగా, మెత్తగా ఉండి బొమ్మలకు అనుకూలిస్తుంది గాని, ఎండకు వానకు గురి అయ్యే చోట నిలువదు. వాకిలి ముందు ఉంచే పలకకు చేవగల టేకు మేలైనది. కొయ్య పూర్తిగా ఆరినదై ఉండాలి. పచ్చి కొయ్య ఆరేకొద్దీ ముడుచుకొని వంకర తిరుగుతుంది, పైనున్న రంగు పగులుతుంది. వడ్రంగి చేత చిత్రిక పట్టించిన పలకను 80, 120, 220 అంకెల ఉప్పుకాగితాలతో వరుసగా రుద్దాలి. అంకె పెరిగేకొద్దీ కాగితం గరుకుదనం తగ్గుతుంది. కొయ్యలోని చారల వెంబడే రుద్దాలి. అడ్డంగా రుద్దితే పడిన గీతలు రంగు వేసిన తరువాత కూడా కనిపిస్తాయి.

పాత తలుపు చెక్కను వాడదలచినవారు ఒక జాగ్రత్త పాటించాలి. పూర్వపు రంగులలో సీసం కలిసి ఉండే అవకాశం ఉన్నది. దానిని పొడిగా రుద్దితే లేచే ధూళి, ముఖ్యంగా పసిపిల్లల ఆరోగ్యానికి హానికరం. భారత ప్రభుత్వం 2016లో నిబంధనలు రూపొందించి, గృహాలకు వాడే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని నిర్దేశించింది. ఆ నిబంధనలు 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చాయి. అందుచేత పాత రంగుగల చెక్కను విడిచి, కొత్త చెక్కను తీసుకొనడమే క్షేమకరం.

నునుపు చేసిన పలకపై పగుళ్ళుంటే లప్పంతో పూడ్చి, ప్రైమరు పూసి, ఆరిన పిదప నేలరంగును రెండు పూతలుగా వేయాలి. వెనుక భాగాన్ని, అంచులను కూడా విడువరాదు. ఒక వైపు మాత్రమే రంగు వేస్తే రెండవ వైపు గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతుంది, పలక వంగుతుంది. చారలు తెగిన కొసలు తేమను అధికంగా పీలుస్తాయి గనుక అక్కడ మరొక పూత అవసరం.

తరువాతి పని అక్షరాల కొలత. అంగుళం ఎత్తుగల అక్షరం పది అడుగుల దూరం నుండి సుఖంగా చదువవచ్చునని బోర్డులు రాసేవారి స్థూలమైన లెక్క. ఉదాహరణకు 45 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పుగల పలకపై 'ఆనందం' అనే పేరును 8 సెంటీమీటర్ల ఎత్తున రాస్తే సుమారు ముప్పై అడుగుల దూరానికి తెలుస్తుంది. ఆంగ్ల అక్షరాల కొలతలను తెలుగుకు యథాతథంగా అన్వయించరాదు. తెలుగు అక్షరానికి పైన గుడి, ఏత్వం వంటి గుర్తులు, క్రింద వత్తులు చేరుతాయి. 'ఆనందం'లో వత్తులు లేవు. 'ప్రశాంతి' అని రాయదలిస్తే క్రారవడికి, 'లక్ష్మీ నిలయం' అని రాయదలిస్తే వత్తులకు క్రింది భాగంలో స్థలం ముందే విడిచిపెట్టాలి.

అక్షరాలను కోయడానికి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు గాని, పాత ఎక్స్‌రే ఫిల్ము గాని బాగుంటుంది. ఇక్కడ నేర్చుకొనేవారు తరచుగా చిక్కుపడే అంశం ఒకటి ఉన్నది. 'ఆనందం'లోని సున్నను గీత వెంబడి కోస్తే దాని నడుమనున్న గుండ్రని ముక్క ఊడి క్రింద పడుతుంది. సున్న పోయి నిండు చుక్క మిగులుతుంది. ఈ ప్రమాదం 'ర', 'ఠ' వంటి అక్షరాలలోను, 0, 8 వంటి అంకెలలోను ఉన్నది. దీనికి పరిష్కారం వంతెన. నడిమి ముక్కను వెలుపలి భాగంతో కలుపుతూ మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున ఒకటి రెండు చోట్ల కోయకుండా వదలాలి. వంతెన మరీ సన్ననిదైతే తెగుతుంది. మరీ లావైతే అక్షరం రూపు మారుతుంది. 'ద'కు 'ధ'కు భేదం చిన్న గీత మాత్రమే. అజాగ్రత్తగా ఆ గీతను వంతెన మింగివేస్తే 'సుధ' కాస్తా 'సుద' అవుతుంది.

రంగు అద్దేటప్పుడు కుంచెలో రంగు తక్కువగా ఉండాలి. స్టెన్సిల్ అంచుకు, కొయ్యకు నడుమ ఉండే సన్నని సందులోకి పలుచని రంగు తనంత తానే పాకుతుంది. దీనినే విజ్ఞానశాస్త్రం కేశనాళికీయత అంటుంది. ఒత్తి నూనెను పీల్చుకొనడానికీ ఇదే కారణం. దీనిని అరికట్టడానికి అనుభవజ్ఞులు ఒక ఉపాయం పాటిస్తారు. స్టెన్సిల్‌ను అతికించిన తరువాత మొదట నేలరంగునే అంచుల వెంబడి పలుచగా అద్ది ఆరనిస్తారు. సందులోకి పాకేది నేలరంగే గనుక అది కంటికి కనిపించదు. సందు మూసుకొనిపోతుంది. అటుపిమ్మట అక్షరపు రంగును కుంచె నిలువుగా పట్టి, లాగకుండా, పొడుస్తున్నట్లు అద్దాలి. రంగు పూర్తిగా గట్టిపడక ముందే స్టెన్సిల్‌ను నెమ్మదిగా పైకి ఎత్తాలి. వంతెనల చోట మిగిలిన ఖాళీలను సన్నని కుంచెతో పూరిస్తే అక్షరం సంపూర్ణమవుతుంది. రంగు బాగా ఆరిన తరువాత వెలుపలి వాడకానికి పనికివచ్చే వార్నిష్‌ను రెండు పూతలు వేయాలి. రంగులు, టర్పెంటైన్ వాడేచోట గాలి ఆడాలి, నిప్పు దగ్గర ఉండరాదు. పలకను తుప్పు పట్టని ఇత్తడి మరలతో బిగించడం మంచిది.

ఒకప్పుడు ప్రతి పట్టణంలో దుకాణాల పేర్లను, సినిమా ప్రకటనలను చేతితో రాసే చిత్రకారులు ఉండేవారు. ఫ్లెక్సీ ముద్రణ, కంప్యూటరు కోసే స్టిక్కర్లు వచ్చిన తరువాత వారిలో అనేకులు ఉపాధి కోల్పోయి ఇతర వృత్తులలోకి మళ్ళారు. అక్షరం ఎక్కడ లావు కావాలో, ఎక్కడ సన్నగిల్లాలో వారి చేతికి తెలుసు. ఆ నేర్పు పుస్తకాలలో కన్న వారి వేళ్ళలోనే ఎక్కువగా ఉన్నది. బాపు చేతిరాతను ఆధారం చేసుకొని కంప్యూటరు అక్షరాలు రూపొందాయంటే, చేతి అక్షరానికి తెలుగువారి హృదయంలో ఎంతటి స్థానం ఉన్నదో గ్రహించవచ్చు.

ఇప్పుడు అనేక ఇళ్ళ ముందు పేర్లు ఆంగ్ల లిపిలోనే కనిపిస్తున్నాయి. ఆ లిపిలో 'కళ', 'కల' సాధారణంగా ఒకే విధంగా రాయబడతాయి. చదివేవాడు ఊహించుకోవలసినదే. తెలుగు లిపిలో ఆ సందేహానికి తావు లేదు. ఆంగ్లం తెలిసిన అతిథి కోసం ఆ లిపిలోనూ పేరు రాయవచ్చు. దానితోపాటు తెలుగులోనూ రాస్తే ఇంటిలోని పసివాడు బడికి పోకముందే గుమ్మం వద్ద తన భాషలోని నాలుగు అక్షరాలు గుర్తుపడతాడు. పేరుపలకలో తండ్రి పేరుతోపాటు తల్లి పేరు కూడా ఉంటే, ఆ ఇల్లు ఇద్దరిదీ అని ఆ పసివాడు అక్షరాలతోపాటే నేర్చుకుంటాడు.