మోమోస్ పక్కన ఇచ్చే మయోనైజ్‌లో అసలేం జరుగుతుంది?

మోమోస్, షవర్మా, మండీ... ఏది ఆర్డర్ చేసినా పక్కన చిన్న కప్పులో తెల్లగా మయోనైజ్ ఇస్తారు కదా, ఈరోజు దాని గురించే.

2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మోమోస్ తిన్నాక ఒకావిడ చనిపోయారు, చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్ల మయోనైజ్‌ని ఏడాదిపాటు బ్యాన్ చేసింది. కేరళ అయితే 2023 జనవరిలోనే చేసింది.

అసలు విలన్ పేరు సాల్మొనెల్లా. ఈ బ్యాక్టీరియా గుడ్డు పెంకు మీదే ఉంటుందనుకుంటాం. కానీ కోడికే ఇన్‌ఫెక్షన్ ఉంటే, పెంకు కట్టకముందే గుడ్డు లోపలికి చేరిపోవచ్చు. ఇక పైన ఎంత కడిగినా ఏం లాభం? ఉడకబెడితే, ఆమ్లెట్ బాగా కాలిస్తే చచ్చిపోతుంది. మయోనైజ్ మాత్రం పొయ్యి మొహమే చూడదు. పచ్చిగుడ్డు, నూనె, కాస్త నిమ్మరసమో వెనిగరో మిక్సీలో వేసి తిప్పడమే.

ఇప్పుడు మన బీటెక్ లెక్క. వెచ్చగా, అనుకూలంగా ఉంటే ఒక బ్యాక్టీరియా సుమారు 20 నిమిషాల్లో రెండవుతుంది. గంటకి 8. మధ్యాహ్నం 3కి చేసిన మయో రాత్రి 10 దాకా బండి మీదే ఉంటే 7 గంటలు, అంటే 2 పవర్ 21. ఒక్కటి కాస్తా 20 లక్షలు దాటుతుంది! పులుపు బాగా ఉంటే ఇంత స్పీడ్ ఉండదు, నిజమే. కానీ ఆ బండి దగ్గర పులుపు కొలిచేదెవరు?

పైగా వాసన మారదు, రుచీ మారదు. "ఫ్రెష్‌గానే ఉంది బ్రో" అన్న మాటకి విలువ లేదు. ఫ్రిజ్‌లో పెడితే పెరగడం ఆగుతుందేగానీ ఉన్నవి చావవు.

ఇంకో తిరకాసు. లక్షణాలు 6 గంటల నుంచి 6 రోజుల్లోపు ఎప్పుడైనా మొదలవ్వొచ్చు. అందుకే నిన్నటి మయోని వదిలేసి, పొద్దున తిన్న ఇడ్లీని తిట్టుకుంటాం. జ్వరం, విరేచనాలు ఉంటే ఓఆర్‌ఎస్ తాగుతూ ఉండండి, సొంతంగా యాంటీబయాటిక్స్ మాత్రం వేసుకోకండి. విరేచనంలో రక్తం కనపడినా, మూత్రం తగ్గినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. పసిపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్ల విషయంలో అంతదాకా కూడా ఆగొద్దు.

నేనైతే బండి దగ్గర "అన్నా, మయో ప్యాకెట్‌దా, మీరు చేసిందా?" అని అడుగుతాను. ప్యాకెట్‌వి గుడ్డు లేకుండానో, పాశ్చరైజ్ చేసిన గుడ్డుతోనో చేస్తారు. అయితే విప్పాక దాన్నీ ఫ్రిజ్‌లోనే ఉంచాలి. ఎండలో తెరిచిపెట్టి ఉంటే, ఆవిరి మీదనుంచి తీసిన మోమోస్ ఒక్కటే తీసుకుని, మయో వద్దని చెప్పేస్తాను.