వన్యప్రాణి సంరక్షణ వృత్తివిద్య (జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల)

అడవి జంతువులను, పక్షులను, వాటి ఆవాసాలను కాపాడే పనిని జీవనోపాధిగా స్వీకరించడాన్ని వన్యప్రాణి సంరక్షణ వృత్తి అంటారు. తెలంగాణలోని పూర్వపు కరీంనగర్ జిల్లాకు చెందిన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో ఈ విద్యకంటూ ప్రత్యేక కళాశాల లేదు. అయితే కోరుట్లలో పశువైద్య కళాశాల, జగిత్యాల సమీపాన పొలాసలోను, సిరిసిల్ల సమీపాన జిల్లెల్లలోను వ్యవసాయ కళాశాలలు కలవు. ఈ మూడింటిలో పొందిన పట్టాతోను వన్యప్రాణి రంగంలో ప్రవేశించవచ్చును. పశువైద్యుడు పాడిపశువులకు, వ్యవసాయ పట్టభద్రుడు పొలానికి మాత్రమే పరిమితమనే అభిప్రాయం ఈ ప్రాంతంలో బలంగా ఉన్నది గాని, అది సరైనది కాదు.

నేపథ్యం

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినవి. జగిత్యాల జిల్లాకు ఉత్తరాన గోదావరి నది ప్రవహిస్తున్నది. నదికి ఆవలి ఒడ్డున పూర్వపు ఆదిలాబాదు జిల్లా అడవులున్నవి. అక్కడి కవ్వాల్ అభయారణ్యం 1965లో ఏర్పడి, 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించబడినది. సిరిసిల్ల వైపు గుట్టలలో చిరుతపులుల సంచారం ఉన్నది.

పశువైద్య మార్గం

కోరుట్ల కళాశాల పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోనిది. ఇంటర్మీడియెట్‌లో బైపీసీ చదివినవారు దీనికి అర్హులు. పట్టా కాలం ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర సంవత్సరాలు. వన్యమృగాల పోషణ, ఆరోగ్యం కూడా పాఠ్యాంశాలలో భాగమే.

వ్యవసాయ బావిలో చిరుత పడినప్పుడు ఈ వైద్యుని అవసరం తెలుస్తుంది. మత్తుమందు మోతాదు జంతువు బరువును బట్టి ఉంటుంది. ఆ బరువును గట్టు మీద నిలబడి కంటితోనే అంచనా వేయాలి. మందు పనిచేయుటకు కొన్ని నిమిషాలు పడుతుంది. బావిలో నీరుంటే ఆలోగా జంతువు మునిగిపోయే ప్రమాదం ఉన్నది కనుక, మత్తు ఇవ్వకుండా నిచ్చెననో, మంచాన్నో, బోనునో దించడమే మేలు. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం చిరుతను మత్తుతో పట్టుటకు రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి తప్పనిసరి.

అడవిలో అడుగు పెట్టని పశువైద్యుడు కూడా వన్యప్రాణుల చావుబతుకులను నిర్ణయించగలడనుటకు రాబందులే ఉదాహరణ. పశువులకు నొప్పి నివారణకై ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరంలో మిగిలి, దానిని తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఈ కారణంగా దేశంలో పొడుగుముక్కు రాబందుల సంఖ్య 1992–2007 మధ్య సుమారు 97 శాతం తగ్గినది. 2006లో పశువైద్యంలో ఆ మందును ప్రభుత్వం నిషేధించినది. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులపై నిషేధం 2023లో గాని రాలేదు. మెలోక్సికామ్ రాబందులకు హాని చేయని ప్రత్యామ్నాయం. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవులలోని పాలరాపు గుట్టపై 2013లో రాబందుల స్థావరం గుర్తించబడినది. అవి ఆహారం కోసం చాలా దూరం ఎగురుతాయి కాబట్టి, చుట్టుపక్కల పల్లెలలో పశువుకు ఏ సూది వేశారన్నది వాటి మనుగడకు సంబంధించిన విషయమే.

వ్యవసాయ మార్గం

పొలాస కళాశాల 2008లో ప్రారంభమైనది. జిల్లెల్ల కళాశాల తరువాతి కాలానిది. రెండును ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందినవి. నాలుగేళ్ళ చదువు. రైతుకు అడవిపందుల బెడద, అడవిపందుల కోసం రైతు అమర్చిన కరెంటు తీగలకు పులులు బలికావడం – ఈ రెండును ఒకే సమస్యకు రెండు ముఖాలు. రాజేంద్రనగర్‌లో ఈ విశ్వవిద్యాలయం అడవిపందులు, పక్షులు పంటలకు చేసే నష్టంపై పరిశోధన సాగిస్తున్నది. మొక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశనగ చుట్టూ ముళ్ళ కుసుమ వరుసలు వేయడం వంటి ప్రాణహాని లేని పద్ధతులు ఈ పరిశోధన ద్వారా వచ్చినవే.

అటవీ సర్వీసు

యూపీఎస్సీ నిర్వహించే భారత అటవీ సర్వీసు (ఐఎఫ్ఎస్) పరీక్షకు పశువైద్య, వ్యవసాయ పట్టభద్రులు అర్హులు. 2013 నుండి దీని ప్రిలిమినరీ సివిల్ సర్వీసులతో ఉమ్మడిగా జరుగుతున్నది. మెయిన్స్‌లో రెండు ఐచ్ఛికాంశాలు తీసుకోవాలి. వ్యవసాయంతో పశువైద్యాన్ని గాని, అటవీశాస్త్రాన్ని గాని జతచేయరాదు. పశువైద్యంతో అటవీశాస్త్రాన్ని జతచేయవచ్చును. పొలాస, జిల్లెల్ల విద్యార్థులు ఈ నిబంధనను ముందే చూసుకొనడం మంచిది. వారు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం వంటివాటివైపు చూడవలసి ఉంటుంది. దేహదారుఢ్య పరీక్షలో నాలుగు గంటలలో పురుషులు 25, స్త్రీలు 14 కిలోమీటర్లు నడవాలి. ఎంపికైనవారికి శిక్షణ డెహ్రాడూన్‌లో.

ఇది అడవుల పాలన ఉద్యోగమనే సంగతి మరువరాదు. ఇందులో వన్యప్రాణుల విభాగంలో పనిచేసే కాలం కొంత మాత్రమే. రాష్ట్ర స్థాయిలో బీట్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్, రేంజి ఆఫీసర్ ఉద్యోగాలున్నవి. నిత్యం అడవిలో తిరిగేది, జంతువుల అడుగుజాడలను మొదట చూసేది బీట్ ఆఫీసరే.

ఇతర సంస్థలు

సిద్దిపేట జిల్లా ములుగులో (ములుగు జిల్లా కేంద్రం వేరు) అటవీ కళాశాల ఉన్నది, 2016లో మొదలైనది. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ (1982) 1988 నుండి వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ నిర్వహిస్తున్నది. బెంగుళూరులోని ఎన్‌సీబీఎస్‌లో ఇటువంటి కోర్సు 2004లో వచ్చినది. హైదరాబాదు అత్తాపూర్‌లోని లాకోన్స్ ప్రయోగశాల అంతరించిపోతున్న జాతులపై పనిచేస్తున్నది. నెహ్రూ జంతుప్రదర్శనశాలతో కలిసి మూషిక జింకల పునరుత్పత్తిని చేపట్టినది. పరిశోధన రంగంలో మొదటి ఉద్యోగాలు సాధారణంగా ప్రాజెక్టు కాలానికే పరిమితం. ప్రాజెక్టు ముగిసినపుడు మరొకటి వెదుక్కొనవలసి ఉంటుంది.