725 డాలర్ల చెక్కు: మిలటరీ రికార్డు సరిచేస్తే పాత జీతం ఎలా వస్తుంది?

ఈ ఎపిసోడ్‌లో ఒక చెక్కు గురించి మాట్లాడుకుందాం. ఇచ్చింది అమెరికా సైన్యం. మొత్తం 725 డాలర్లు. అందుకున్నాయన పేరు శామ్యూల్ స్నో. ఆ డబ్బు ఆయన చేతికి రావాల్సింది 1940ల్లో. వచ్చింది మాత్రం 2007లో ఒక తీర్పు వెలువడ్డాక.

అరవై ఏళ్ల కిందటి జీతం ఇప్పుడెలా ఇచ్చారు? ఇచ్చినోళ్లు సరిగ్గా 725 దగ్గరే ఎందుకు ఆగారు? ఈ రెండు ప్రశ్నలకి జవాబు తెలిస్తే మిలటరీ రికార్డుల సిస్టమ్ మొత్తం అర్థమైపోతుంది. మీ ఇంట్లో నాన్నగారో తాతగారో సైన్యంలో చేసుంటే చివరిదాకా చూడండి, మన దేశంలో దారేంటో కూడా చెప్తాను.

ముందు కథ

1944 ఆగస్టు 14. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. అమెరికాలో సియాటిల్ దగ్గర ఫోర్ట్ లాటన్ అనే సైనిక స్థావరం ఉండేది. ఆ రాత్రి అక్కడ నల్లజాతి అమెరికన్ సైనికులకీ, ఇటలీ యుద్ధఖైదీలకీ మధ్య గొడవ జరిగింది. తెల్లారేసరికి గుల్యెల్మో ఒలివొట్టో అనే ఇటాలియన్ ఖైదీ ఉరికి వేలాడుతూ కనిపించాడు.

43 మంది నల్లజాతి సైనికుల మీద కోర్ట్ మార్షల్ పెట్టారు. అంత మందినీ డిఫెండ్ చేయడానికి ఇచ్చిన లాయర్లు ఇద్దరే. 28 మందికి శిక్ష పడింది. ప్రాసిక్యూటర్ లియోన్ జవోర్‌స్కీ. తర్వాత వాటర్‌గేట్ కేసులో స్పెషల్ ప్రాసిక్యూటర్‌గా ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది ఆయనే.

శిక్ష పడిన 28 మందిలో స్నో ఒకరు. అల్లర్లలో పాల్గొన్నాడన్నది నేరం. జైల్లో ఉన్న కాలానికి జీతం పోయింది. పైగా డిస్ఛార్జ్ కాగితం మీద 'డిసానరబుల్' అని రాశారు, అంటే సైన్యం అవమానకరంగా బయటికి పంపేసింది అని అర్థం. అసలు దెబ్బ అక్కడ తగిలింది. యుద్ధం నుంచి వచ్చిన సైనికుల చదువుకీ, ఇంటి లోనుకీ సాయం చేసే జీఐ బిల్లు సరిగ్గా ఆ 1944లోనే వచ్చింది. ఆ ఒక్క పదం వల్ల స్నోకి దాంట్లో ఏదీ దక్కలేదు.

తర్వాత జాక్ హామన్ అనే జర్నలిస్టు ఈ కేసు మీద పరిశోధన చేసి 2005లో పుస్తకం వేశారు. సైన్యమే చేయించిన ఒక రహస్య విచారణ నివేదిక నేషనల్ ఆర్కైవ్స్‌లో బయటపడింది. ప్రాసిక్యూషన్ దగ్గర ఆ నివేదిక ఉంది. డిఫెన్స్ లాయర్లకి మాత్రం ఇవ్వలేదు. దాన్ని ఆధారంగా పెట్టుకుని సైన్యం రికార్డుల బోర్డుకి దరఖాస్తులు వెళ్లాయి. 2007 అక్టోబర్‌లో ఆ బోర్డు, విచారణ మూలంలోనే అన్యాయంగా జరిగిందని తేల్చి నలుగురి శిక్షలు రద్దు చేసింది. ఆ నలుగురిలో స్నో ఒకరు.

జీతం రికార్డు వెనకాలే వస్తుంది

నేను వీడియోలు మొదలుపెట్టకముందు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశానని మీలో చాలామందికి తెలుసు. కొన్నాళ్లు పేరోల్ మాడ్యూల్ మీద పనిచేశా. పేరోల్ సాఫ్ట్‌వేర్‌కి న్యాయం, అన్యాయం తెలీదు. మీ జాయినింగ్ డేట్, మీ గ్రేడ్, మీ సెలవులు రికార్డులో ఎలా ఉంటే అలా లెక్కేసి పడేస్తుంది. గ్రేడ్ తప్పుగా ఎక్కితే పేరోల్ వాళ్లతో ఎంత పోట్లాడినా ఉపయోగం లేదు. హెచ్‌ఆర్ దగ్గరికెళ్లి గ్రేడ్ మార్పించాలి. అది మారిన మర్నాడు ఎరియర్స్ వాటంతటవే లెక్కకొస్తాయి.

సైన్యంలోనూ ఇదే. 'నా జీతం ఇవ్వండి' అని అడిగితే 'నీ రికార్డు ప్రకారం నీకేం బాకీ లేదు' అంటారు. వాళ్ల కాగితం ప్రకారం అది నిజమే కూడా. అందుకే అక్కడ అడగాల్సింది డబ్బు కాదు, రికార్డు మార్పు. డబ్బు దాని వెనకాల వస్తుంది.

అమెరికాలో దీనికోసమే ఒక చట్టం ఉంది. 1946లో మొదలైంది. ఇప్పుడు వాళ్ల చట్టాల సంపుటిలో టైటిల్ 10, సెక్షన్ 1552. ఆర్మీకి ఒక బోర్డు, నేవీకీ మెరైన్లకీ కలిపి ఒకటి, ఎయిర్‌ఫోర్స్‌కి ఒకటి. వీటిలో కూర్చునేది యూనిఫామ్ వేసుకున్న ఆఫీసర్లు కాదు, సివిలియన్లు. వాళ్లు చూసేది రెండే విషయాలు: రికార్డులో పొరపాటు ఉందా? లేదా అన్యాయం ఉందా? రెండిట్లో ఏది రుజువైనా రికార్డు మార్చొచ్చు.

దరఖాస్తు ఫారం పేరు డీడీ 149. ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. తప్పు తెలిసిన రోజు నుంచి మూడేళ్లలోపు పెట్టాలి. లేటైతే? న్యాయం కోసం అవసరం అనిపిస్తే బోర్డు ఆ గడువుని పక్కన పెట్టొచ్చు. స్నో లాంటి కేసులు అరవై ఏళ్ల తర్వాత కూడా వినగలిగింది అందుకే. అయితే రికార్డు సరైనదే అన్న నమ్మకంతో బోర్డు మొదలుపెడుతుంది. తప్పని చూపించాల్సిన బరువు దరఖాస్తు పెట్టినవాళ్ల మీదే ఉంటుంది.

ఇంకో మెలిక. ఈ బోర్డులు ఇప్పటి కోర్ట్ మార్షల్ తీర్పుల్ని కొట్టేయలేవు, శిక్ష తగ్గించడం వరకే. మరి స్నోది ఎలా కొట్టేశారు? ఇప్పటి సైనిక న్యాయస్మృతి అమల్లోకి వచ్చింది 1951లో. స్నో విచారణ 1944లో, అంతకుముందున్న పాత చట్టం కింద జరిగింది. ఆ పరిమితి పాత కేసులకి వర్తించదు.

రికార్డు మారాక ఫైల్ డబ్బు లెక్కలు చూసే విభాగానికి వెళ్తుంది. కొత్త రికార్డు ప్రకారం ఎంత రావాలి, అప్పట్లో ఎంత ఇచ్చారు, తేడా ఎంత, అని లెక్కేస్తారు. ఉద్యోగంలోంచి అన్యాయంగా తీసేసిన కేసైతే ఆ మధ్యకాలంలో బయట పనిచేసి సంపాదించిన డబ్బు కూడా తగ్గించేస్తారు. ఇంకోటి గుర్తుపెట్టుకోండి: ఆ సెటిల్‌మెంట్‌కి ఒప్పుకుని డబ్బు తీసుకుంటే ఆ క్లెయిమ్ అక్కడితో తీరిపోయినట్టే.

725 ఎందుకు?

ఇప్పుడు చెక్కు దగ్గరికి వద్దాం. 1942 చట్టం ప్రకారం అమెరికా ఆర్మీలో మామూలు సిపాయి నెల జీతం 50 డాలర్లు. 725ని 50తో భాగించండి. పద్నాలుగున్నర. అంటే సుమారు ఏడాది పైచిలుకు జీతం. జైల్లో ఉన్న రోజులకి ఆపేసిన జీతాన్ని అప్పటి రేటుతోనే లెక్కేసి ఇచ్చారు. వడ్డీ సున్నా.

సైన్యం వాదన ఏంటంటే, వడ్డీ ఇవ్వడానికి చట్టం మాకు అధికారం ఇవ్వలేదు అని. లెక్క ప్రకారం వాళ్లు తప్పు చేయలేదు. కానీ ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. 725 డాలర్లకి 1945 నుంచి 2007 దాకా, 62 ఏళ్లు, ఏటా 3 శాతం చక్రవడ్డీ వేస్తే దాదాపు 4,500 డాలర్లు. 5 శాతం వేస్తే దాదాపు 14,900. ఇది ఊరికే నేను వేసిన లెక్క, ప్రభుత్వం రేటు కాదు. తేడా ఎంతుందో చూపించడానికి చెప్తున్నా.

జనానికి కోపం వచ్చింది. సియాటిల్ ప్రతినిధి జిమ్ మెక్‌డెర్మాట్, ఫ్లోరిడా సెనేటర్ బిల్ నెల్సన్ చట్టం మార్చాలని పట్టుబట్టారు. 2008 అక్టోబర్‌లో మార్పు వచ్చింది. కోర్ట్ మార్షల్ శిక్ష రద్దై జీతం తిరిగి ఇచ్చే కేసుల్లో ఏటా చక్రవడ్డీ కలిపి ఇవ్వాలి. 2007 అక్టోబర్ 1 నుంచి రద్దైన శిక్షలన్నిటికీ అది వర్తించేలా రాశారు. ఎవరి కేసు కోసం ఆ తేదీ పెట్టారో మీకు అర్థమయ్యే ఉంటుంది.

కానీ అది చూడటానికి స్నో లేరు. 2008 జులై చివర్లో సైన్యం ఫోర్ట్ లాటన్‌లో సభ పెట్టి క్షమాపణ చెప్పింది. ఫ్లోరిడా నుంచి అంత దూరం వచ్చిన స్నో ఒంట్లో బాగోక ఆస్పత్రిలో చేరారు. ఆయన తరఫున కొడుకు వేదిక ఎక్కి గౌరవ డిస్ఛార్జ్ పత్రం తీసుకుని, ఆస్పత్రికి తెచ్చి చూపించారు. కొన్ని గంటల్లోనే స్నో కన్నుమూశారు. 'డిసానరబుల్' అన్న మాట తీసేసిన కాగితాన్ని మాత్రం బతికుండగా కళ్లారా చూసుకున్నారు.

రికార్డే కాలిపోతే?

1973 జులై 12న సెయింట్ లూయిస్ దగ్గర అమెరికా సైనిక రికార్డుల కేంద్రం తగలబడింది. 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల దాకా ఫైళ్లు బూడిదయ్యాయి. 1912 నుంచి 1960 మధ్య ఆర్మీ నుంచి బయటికొచ్చిన వాళ్ల రికార్డుల్లో దాదాపు 80 శాతం పోయాయి. కాపీలు లేవు, మైక్రోఫిల్మ్ లేదు. మన భాషలో బ్యాకప్ లేని ప్రొడక్షన్ డేటాబేస్ అన్నమాట.

మరి ఆ సైనికుల సర్వీస్ ఎలా రుజువు చేస్తారు? వేరే ఆఫీసుల్లో మిగిలిన కాగితాలతో. వాటిలో బాగా పనికొచ్చింది చివరి జీతం చెల్లించినప్పటి వోచర్. మామూలుగా రికార్డు చూసి జీతం ఇస్తారు, ఇక్కడ జీతం కాగితం చూసి రికార్డు మళ్లీ కట్టారు. అందుకే పాత జీతం చీటీ ఏదీ పారేయకూడదు.

మన దగ్గర సంగతేంటి?

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. ఇంటింటికీ సైనికులు ఉన్నారని దాన్ని మిలటరీ మాధవరం అంటారు. రెండు రాష్ట్రాల్లోనూ ఇలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి.

మన దేశంలో అమెరికా తరహా సివిలియన్ బోర్డు లేదు. జవాన్ల, జేసీఓల రికార్డులు వాళ్ల రెజిమెంట్ లేదా కోర్ రికార్డ్ ఆఫీసులో ఉంటాయి. ఉదాహరణకి ఈఎంఈ, ఆర్డినెన్స్ కోర్ రికార్డ్ ఆఫీసులు మన సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. పెన్షన్ ఆర్డర్, అంటే పీపీఓ, ఆ రికార్డు ఆధారంగా తయారవుతుంది. ఇప్పుడు స్పర్శ్ పోర్టల్‌లో లాగిన్ అయితే పీపీఓ చూసుకోవచ్చు, తప్పుంటే సవరణకి అర్జీ పెట్టొచ్చు. అది చేతకాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సాయం చేస్తారు. అక్కడా తేలకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది, 2007 చట్టంతో వచ్చింది.

మన తెలుగువాళ్లకి ఒక ప్రత్యేకమైన చిక్కు: ఇంటిపేరు. సర్వీస్ రికార్డులో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనక ఉంటుంది. రికార్డులో భార్య పేరు లచ్చమ్మ, ఆధార్‌లో లక్ష్మి. ఆయన ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోరు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆవిడ వెళ్లినప్పుడు 'ఈ లక్ష్మి ఎవరు?' అన్న ప్రశ్న వస్తుంది. ఆయన సంతకం పెట్టగలిగినప్పుడే ఇది సరిచేయించుకుంటే సగం తిప్పలు తప్పుతాయి.

ఇక గడువు. తర్సేమ్ సింగ్ అనే సైనికుడు 1983లో ఆరోగ్య కారణాలతో సర్వీసు నుంచి బయటికొచ్చారు. వైకల్య పెన్షన్ కోసం హైకోర్టుకి వెళ్లింది 1999లో. పెన్షన్‌కి అర్హుడే, కానీ ఎరియర్స్ మాత్రం కేసు వేయడానికి ముందు మూడేళ్లకే ఇస్తామని సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. అంతకుముందు పదమూడేళ్ల డబ్బు పోయినట్టే. కొన్ని రకాల కేసుల్లో దీనికి భిన్నమైన తీర్పులూ వచ్చాయి. అయినా చాలా కేసుల్లో ఈ మూడేళ్ల కొలతే వాడుతున్నారు. కాబట్టి 'తర్వాత చూద్దాంలే' అన్న ప్రతి ఏడాదికీ ఒక ఏడాది డబ్బు చేజారొచ్చు.

ఈ వారం చేయాల్సిన పని

ఇంట్లో ఫోన్ బాగా వాడేది మీరే కాబట్టి ఈ పని మీదే. డిస్ఛార్జ్ బుక్కు, పీపీఓ, పాత పే స్లిప్పులు తీసి ప్రతి పేజీ స్కాన్ చేయండి. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టొద్దు, వాటిలో బ్యాంకు వివరాలుంటాయి. పేర్లు, పుట్టినతేదీలు, ర్యాంకు, సర్వీస్ ఎన్నేళ్లు, ఈ నాలుగూ ఆధార్‌తో, పీపీఓతో పోల్చి చూడండి. తేడా కనిపిస్తే అర్జీలో 'డబ్బు తక్కువ వస్తోంది' అని రాసి ఊరుకోకండి. 'రికార్డులో ఫలానా చోట ఇలా ఉంది, ఫలానా కాగితం ప్రకారం ఇలా ఉండాలి' అని రాయండి. అర్జీ నంబరు, తేదీ దాచుకోండి. రేపు ట్రిబ్యునల్ దాకా వెళ్తే ఎప్పుడు అడిగారన్నదానికి అదే సాక్ష్యం.

పెద్దవాళ్లు 'ఇప్పుడెందుకురా ఇవన్నీ' అంటారు. కూర్చోబెట్టి స్నో కథ చెప్పండి, వింటారు. మీ ఇంట్లో ఏ తేడా దొరికిందో కామెంట్లో రాయండి, సర్వీస్ నంబర్లు మాత్రం రాయకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.