కుంటికోడిని గూర్చిన తీర్పు



అరకులోయలోని ఒక యింటిని తలచుకొనుడు. తెల్లవారినది. గంప ఎత్తగానే కోళ్ళన్నియు పెరటిలోనికి పరుగెత్తినవి. ఒక పెట్ట మాత్రము కాలు ముడుచుకొని అక్కడనే కూర్చుండిపోయినది. అది ఆ యింటి మనుమరాలు చెదపురుగులు ఏరి తెచ్చి, అరచేత పెట్టి మేపి పెంచిన పెట్ట. దానికొక ముద్దుపేరును గలదు. సంతకు కొనిపోయి వచ్చిన ధరకు అమ్మివేయుదమని కోడలనును. నేటి రాత్రికే కూర వండుకొందమని కొడుకనును. పిల్ల మాటాడక తాత ముఖము చూచును.

ఆ తాత యేమి చెప్పవలెనో నేటి ప్రసంగమున విన్నవించుకొందును.

మన్యపు కోడి ఒక యింటి సొత్తే యైనను, పగలంతయు ఊరి కోళ్ళతో కలిసి మేయును. వాటితో పాటు ఒకే గెడ్డ నీరు త్రాగును. కనుక ఆ పెట్టకు తగిలినది గాయమైనచో అది ఆ యింటి సంగతి. తెగులైనచో ఊరందరి సంగతి. జాలిని గూర్చియు లాభమును గూర్చియు తరువాత ఆలోచింపవచ్చును. కాలు ఎందుకు పడిపోయినదో మొదట తెలిసికొనవలెను.

అందులకై పెట్టను వెంటనే వేరుచేయుడు. తక్కిన కోళ్ళు రాని తావున పొడిగడ్డి పరచి, గంప క్రింద నుంచి, నీరును నూకలును ముక్కునకు అందునట్లు పెట్టుడు. దానిని ముట్టిన చేతులను సబ్బుతో కడుగుకొనక తక్కిన కోళ్ళయొద్దకు పోరాదు. పిమ్మట దానిని ఒడిలో పెట్టుకొని రెండు కాళ్ళను పోల్చి చూడుడు.

అరికాలు వాచి నల్లని పెచ్చు కట్టియున్నచో, ముల్లో రాయో గ్రుచ్చుకొని చీము పట్టినదని యెరుగవలెను. గోరువెచ్చని ఉప్పునీట కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, మెత్తని గడ్డిమీద నుంచినచో చిన్న పుండ్లు మానును. లోతైన దానిని పశువైద్యునికి చూపవలెను. వేళ్ళకు దారమో వెండ్రుకయో చుట్టుకొని బిగిసియుండుటయు గలదు. దానిని కత్తిరించిన చాలును. కాలిమీది పొలుసులు ఉబ్బి పైకి లేచినచో వాటి క్రింద కంటికి కానరాని పురుగు చేరినది. కొన్నాళ్ళు నూనె పూసినచో అది ఊపిరాడక చచ్చును.

పొలుసులున్న క్రింది కాలియెముక విరిగినచో, రెండు సన్నని వెదురుబద్దలకు దూది చుట్టి కట్టు కట్టవచ్చును. పక్షి యెముక త్వరగా అతుకును. సాధారణముగా మూడు వారములు పట్టును. కట్టు బిగువై వేళ్ళు చల్లబడినను వాచినను వెంటనే వదులు చేయవలెను. తొడయెముక విరిగినచో ఇంటి కట్టు నిలువదు. ఎముక చర్మమును చీల్చుకొని బయటికి వచ్చినచో ఆ కోడిని బాధింపక ముగించుటయే దయ.

కోడిపిల్ల వ్రేళ్ళు లోపలికి ముడుచుకొని మడమలమీద నడచుచున్నచో అది తరచుగా ఆహారలోపము. బి2 అను విటమిను చాలకపోవుటచే వచ్చును. తొలిదినములలోనే ఆ మందు నీట కలిపి యిచ్చినచో కుదురును. ఆలస్యమైనచో వంకర నిలిచిపోవును.

ఇక తెగుళ్ళ సంగతి. ఆరు వారములు దాటిన ప్రాయపు కోడి ఒక కాలు ముందునకును, ఒక కాలు వెనుకకును చాచి పడియున్నచో అది మారెక్ వ్యాధి కావచ్చును. హంగేరీ దేశపు పశువైద్యుడు జోసెఫ్ మారెక్ 1907లో దీనిని వర్ణించెను. దీనికి మందు లేదు. ఈకల పొట్టుతో కలిసి దీని విషము గాలిలో వ్యాపించును. కోడి కొన్నాళ్ళు తినుచుండును గనుక మనకు ఆశ కలుగును. ఆ ఆశయే తక్కిన కోళ్ళకు ముప్పు.

రెండవది కొక్కెర తెగులు. 1927 ప్రాంతమున కుమావు కొండలలోని రాణిఖేతులో కనుగొనబడినందున దీనికి రాణిఖేత్ వ్యాధి యనియు పేరు గలదు. కోడి నోరు తెరచి ఎగరొప్పును, ఆకుపచ్చగా పారును, కాళ్ళు రెక్కలు పడిపోవును, మెడ మెలితిరుగును. బ్రదికిన కోడి మెడ యొక్కొక్కప్పుడు వంకరగనే నిలుచును. అది లేచి తిరుగుచున్నను కొంతకాలము తెగులు విషమును వెదజల్లుచునే యుండును. ఇట్టి కోడిని సంతకు కొనిపోవుట యన్నిటికంటె చెడ్డపని. పది యూళ్ళవారు చేరు సంతనుండి ఆ తెగులు పది యూళ్ళకును పోవును. కోడలి మాటను తాత ఈ కారణముచేతనే త్రోసివేయవలెను.

తెగులు కాదు, గాయమే యని తేలినదనుకొందము. అప్పుడు తాత మూడు ప్రశ్నలు వేసికొనవలెను. కోడి తనంత తాను తినుచు త్రాగుచున్నదా? నాలుగైదు దినములలో కొంచెమైనను తేరుకొనుచున్నదా? ప్రతిదినము గడ్డి మార్చి, రెట్ట తుడిచి, పొద్దుగూకగనే తలుపుగల గూటిలో పెట్టువారు ఇంట నున్నారా? కుంటికోడి చెట్టెక్కి పండుకొనలేదు. ముంగిసకును అడవిపిల్లికిని మొదట చిక్కునది అదియే. మూడింటికిని ‘ఔను’ అన్నచో సాకవలెను. ఒకదానికి ‘కాదు’ అన్నను, బాధను పొడిగించుట దయ కానేరదు.

సాకిన శ్రమ వ్యర్థమనుకొనరాదు. హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధనసంస్థవారు వృద్ధిచేసిన వనరాజా జాతి పెట్టలు ఎక్కువ గ్రుడ్లు పెట్టును గాని పొదుగవు. నాటుపెట్ట పొదుగును. కాలు మానిన తరువాత కొంచెము కుంటుచున్నను నాటుపెట్ట ఇరువదియొక్క దినములు గ్రుడ్లపై కూర్చుండి పిల్లలను లేపగలదు. పిల్లలను మేపుటకు దూరము తిరుగలేదు గనుక వాటికి నూకలు మనమే వేయవలెను.

ముగింపవలసి వచ్చినచో జాప్యము చేయరాదు. చేయి తిరిగినవాడు, పిల్లలకును తక్కిన కోళ్ళకును దూరముగా, ఒక్క క్షణములో పని ముగింపవలెను. తినుటకు కోయుచున్నను జంతువును అనవసరముగా బాధింపరాదని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము తెలుపుచున్నది. గాయపడినది తప్ప వేరే జబ్బు లేని కోడిని వండుకొనవచ్చును. మందు వాడియున్నచో వైద్యుడు చెప్పిన గడువు దాటవలెను. తెగులు కోడిని తినరాదు, కుక్కలకు వేయరాదు, గెడ్డలో పారవేయరాదు. లోతుగా గొయ్యి త్రవ్వి, సున్నము చల్లి పూడ్చవలెను. ఊరిలో ఒక్కసారిగా పలుకోళ్ళు చచ్చినచో వాటిని ముట్టక పశువైద్యశాలకు కబురు పంపవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళకు వచ్చిన బర్డుఫ్లూ వంటిది మనుష్యులకును సోకవచ్చును.

కొక్కెర తెగులు వచ్చిన పిదప మందు లేదు, రాకముందు టీకా గలదు. మొదటి వారములో చుక్కలమందు, ఎనిమిదవ వారమున సూదిమందు వేయించవలెను. ఒక్క యిల్లు వేయించిన చాలదు. ఊరంతయు ఒకే దినమున వేయించినచో మేలు. ఆ దినమును నిర్ణయించుట పెద్దల పని.

కడపట ఆ పిల్ల సంగతి. కోడిని రాత్రివేళ కోసి, పారిపోయినదని ఉదయమున చెప్పుట తేలిక. కాని నిజము ఎప్పుడో బయటపడును. అప్పుడు ఆ పిల్ల కోడితోపాటు తాతమాటపై నమ్మకమును కూడ పోగొట్టుకొనును. ఆమెను దగ్గర కూర్చుండబెట్టుకొని కాలు చూపి, ఇది మానునది, ఇది మాననిదని చెప్పుడు. మానునదైనచో నీరు పెట్టు పని ఆమెకే అప్పగింపుడు. మాననిదైనచో ఏడ్వనిండు. నేడు ఆ పిల్ల నేర్చినది రేపు ఆవుకు జబ్బు చేసినపుడును, మనిషి మంచము పట్టినపుడును అక్కరకు వచ్చును.