తరగతి గదిలో అలజడి

తరగతి గది ఒక చిన్న సభ. అక్కడ చెప్పేవారు ఒకరు, వినేవారు పలువురు. ఆ పలువురిలో ఒక్కరి ప్రవర్తన వల్ల తక్కినవారి చదువుకు భంగం కలిగితే అధ్యాపకుడు ఏమి చేయాలి? ఇది నేటి ప్రశ్న కాదు. వీధిబడుల కాలం నుండి ఉన్నదే. కాలాన్ని బట్టి సమాధానం మాత్రం మారుతూ వచ్చింది.

పూర్వకాలపు సమాధానం ఎట్టిదో తెలిపే లిఖిత సాక్ష్యం ఒకటి కలదు. బళ్లారి జిల్లా కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో ఆ జిల్లా విద్యాస్థితిని గూర్చి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక సమర్పించాడు. నేటి అనంతపురం ప్రాంతం నాడు ఆ జిల్లాలోనిదే. అక్కడి 533 బడులలో 226 తెలుగు బడులు. ఉదయం అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవాని చేతిలో సున్న చుట్టేవారు. మెప్పూ లేదు, తప్పూ లేదు అని దాని భావం. మూడవవానికి మెల్లగా ఒక బెత్తపు దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చేవారికి ఒక్కొక్కటి ఎక్కువ. సోమరి విద్యార్థిని చేతులు కట్టి పైకప్పుకు వ్రేలాడదీసేవారు. ఇదే మన పెద్దలు ‘కోదండం’ అని చెప్పుకొనే శిక్ష. సున్న చుట్టడంలోని చమత్కారాన్ని మెచ్చుకోవచ్చును గాని, బాగా ఆలస్యమైన పిల్లవాడు దెబ్బల లెక్క చూసుకొని ఆనాటికి బడి మానడమే మేలనుకోడా?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో నియమాలను సవరించి పాఠశాలల్లో దేహదండనను నిషేధించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఆ చట్టం పదునాలుగేళ్ల లోపు వారికి సంబంధించినది కనుక ఇంటర్మీడియట్ విద్యార్థి దాని పరిధిలోకి రాడు. అంతమాత్రాన పదహారేళ్ల వానిని పదిమందిలో అవమానించవచ్చునని కాదు. ఆ వయస్సులో దెబ్బకంటె మాటే ఎక్కువ కాలం నొప్పిస్తుంది.

దండన మాట అటుంచితే, అలజడి అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. పోతన భాగవతం సప్తమ స్కంధంలో చండామర్కుల పాఠశాల ఉన్నది. గురువులు ఇంటిపనులలో ఉండగా ప్రహ్లాదుడు తోటి బాలురను చేరదీసి, తనకు సత్యమని తోచినదానిని బోధించాడు. గురువుల దృష్టిలో తరగతిని చెడగొట్టినవాడు అతడే. వారు బుజ్జగించారు, బెదిరించారు, చివరకు రాజుకు విన్నవించారు. అతడు అడిగిన దానికి మాత్రం బదులు చెప్పలేదు. నచ్చని ప్రశ్న వేరు, పక్కవానిని విననీయని అల్లరి వేరు. మొదటిదానికి సమాధానం కావాలి. రెండవదానికే అదుపు కావాలి.

ఆ అదుపు ఎలా సాధ్యమో పరిశీలించినవారిలో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేకబ్ కౌనిన్ ముఖ్యుడు. ఆయన కళాశాలలో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి వార్తాపత్రిక చదువుతూ కనిపించాడు. ఆయన మందలించాడు. మాట తగిలింది ఒక్కనికే. కాని ఏ తప్పూ చేయని తక్కినవారి గుసగుసలు ఆగిపోయాయి, చూపులు నోటుపుస్తకాలపైకి దిగాయి. చెరువులో రాయి వేస్తే అలలు ఒడ్డుదాకా పోయినట్లు, ఒకరికి చెప్పిన మాట అందరిలోనూ కదలిక తెస్తుందని కౌనిన్ గ్రహించాడు. ఎలా మందలిస్తే తరగతి బాగుపడుతుందో తెలుసుకోవాలని ఏళ్ల తరబడి అనేక తరగతులను పరిశీలించాడు. 1970లో ప్రకటించిన గ్రంథంలో ఆయన తేల్చిన విషయం ఆశ్చర్యకరమైనది. మందలించే తీరును బట్టి తరగతి క్రమం చెప్పుకోదగినంతగా మారడం లేదు! అలజడి పుట్టకముందు అధ్యాపకుడు ఎంత ఎరుకతో ఉన్నాడన్నదే ప్రధానం. బోర్డువైపు తిరిగి ఉన్నా వెనుక బెంచీలో ఏమి జరుగుతున్నదో ఆయనకు తెలుసునని విద్యార్థులకు అనిపించాలి. మొదలుపెట్టినవానిని వదలి, నవ్వినవానిని పట్టుకోవడం ఒక పొరపాటు. చిన్నగా ఉన్నప్పుడు ఊరకుండి, ముదిరిన తరువాత గర్జించడం మరొకటి. ఈ రెండూ చూసిన తరగతికి అధ్యాపకునిపై గురి తప్పుతుంది.

జూనియర్ కళాశాలలో ఈ ఎరుకకు ఇంకొక అవసరం ఉన్నది. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంగ్లీషు మాధ్యమంలో భౌతికశాస్త్రం వినవలసి వచ్చిన విద్యార్థికి మొదటి నెలల్లో పాఠం అందదు. అందలేదని చెప్పుకోవడానికి సిగ్గు. ఆ సిగ్గును కప్పిపుచ్చుకోవడానికి వెనుక బెంచీ నవ్వు సులభమైన ముసుగు. వానిని బయటకు పంపితే అర్థం కాని పాఠం మరొకటి పెరుగుతుంది. అది క్రమంగా చదువు మానడానికి దారి తీయవచ్చును. కనుక అనుభవజ్ఞులు పాఠం ఆపకుండానే ఆ బెంచీ దగ్గరకు నడిచి నిలబడతారు. గంట కొట్టిన తరువాత ఒంటరిగా పిలిచి, “ఎందుకు అల్లరి చేశావు?” అని కాక, “ఎక్కడ అర్థం కాలేదు, నాయనా?” అని అడుగుతారు. అయినా మారక, తోటివారి పాఠానికి అదే పనిగా అడ్డుపడేవాని విషయం ప్రిన్సిపాలుకూ తల్లిదండ్రులకూ తెలియజేయక తప్పదు. వినాలని వచ్చిన వారికీ హక్కు ఉన్నది కదా!

అలజడి చేసేవాడు కనిపిస్తాడు. కనిపించనివాడు మరొకడు. నిన్నటివరకు ముందు వరుసలో కూర్చున్నవాడు హఠాత్తుగా మౌనం వహించడం, భోజనం మానడం, బ్రతుకు మీద విరక్తి మాటలు పలకడం క్రమశిక్షణకు సంబంధించినవి కావు. వీటిని అధ్యాపకునికంటె ముందు గమనించగలిగేది పక్కన కూర్చున్న మిత్రుడే. అట్టి మిత్రుడు ఆ సంగతి గుట్టుగా దాచక వెంటనే పెద్దలకు తెలపాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అనే సంఖ్యపై ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.